పక్కింటి ఆయిల్ హీటర్

మెల్‌బోర్న్ శివార్లలోని క్లైడ్ నార్త్‌లో మా కొత్త ఇల్లు అద్దెకిచ్చేసి కొండ మీదికి మారుతున్నామంటే స్నేహితులందరూ వద్దన్నారు. ఆ కొత్త ఇంట్లో గోడ మీద మీట నొక్కితే చాలు, నేలలో ఉన్న జాలీల్లోంచి వెచ్చటి గాలి వచ్చి కాసేపట్లో ఇల్లంతా వేడెక్కేది. కానీ నా ఉద్యోగం మెల్‌బోర్న్‌కి తూర్పున, కొండల్లో ఉన్న చిన్న ఊళ్ళో, ఫార్మసీలో. కడుపుతో ఉండి రోజూ అంత దూరం కారు నడపడం నావల్ల కాలేదు. అందుకని ఆ ఊరికి కాస్త పైన, ఆకాశంలోకి పెరిగిన యూకలిప్టస్ చెట్ల మధ్య ఒక పాత చెక్క ఇల్లు అద్దెకి తీసుకున్నాం. మా ఆయన సిటీలో ఆఫీసుకి కొండ దిగి వెళ్ళొచ్చేవారు.

ఆ ఇంటి హాల్లో గోడకి ఆనించి నడుము ఎత్తున గోధుమరంగు ఇనప పెట్టె ఒకటి ఉండేది. ముందు చిన్న గాజు కిటికీ, వెనక నుంచి కప్పులోకి, అక్కణ్ణుంచి బయటికి పోయే లావుపాటి గొట్టం. అది ఆయిల్ హీటర్. పెరట్లో ఇనప స్టాండు మీద పెద్ద ట్యాంకు. దాని నుంచి సన్నటి రాగి పైపు గోడలోంచి లోపలికి వచ్చి పెట్టెలోకి ఆయిల్ చుక్కలు చుక్కలుగా వదులుతుంది. మేము చేరేసరికే దాన్ని వాడడం మానేసి చాలా ఏళ్ళయింది. గొట్టంలో పిట్టలు గూళ్ళు పెట్టాయో ఏమో, చచ్చినా వెలిగించొద్దని ఏజెంటు గట్టిగా చెప్పింది. దాని బదులు గోడకి ఏసీ బిగించారు, ఎండాకాలం చల్లగాలి, చలికాలం వేడిగాలి ఇచ్చే రకం. మాకది చాలు. ఆ పెట్టె మీద నేను పెళ్ళి ఫోటోలు పెట్టుకున్నాను.

పక్కింట్లోనూ అచ్చం అలాంటి పెట్టే ఉండేది, కాకపోతే అది బతికున్న పెట్టె. ఆ ఇంటావిడే మా ఇంటికీ యజమానురాలు. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిగా ఉండేది. ఏప్రిల్‌లో చలి మొదలవగానే హీటర్ వెలిగిస్తే అక్టోబర్ దాకా ఆర్పేది కాదు. చలికాలంలో ఒక చిన్న ట్యాంకర్ వచ్చి, రోడ్డు మీద ఆగి, పొడుగాటి పైపు లాక్కొచ్చి ఆవిడ ట్యాంకు నింపి పోయేది. ఇప్పుడందరూ ఏసీలకో గ్యాసుకో కట్టెల పొయ్యిలకో మారిపోయారనీ, ఆయిల్ తెచ్చేవాళ్ళే కరువైపోయారనీ, దాన్ని పీకి పారెయ్యమని కొడుకు పోరుతున్నాడనీ ఆవిడే చెప్పింది. మరి ఎందుకు మార్చలేదని అడిగాను. ఈ కొండ మీద కరెంటు పోతుంది, అంది.

మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అవడంతో పురిటికి అత్తయ్య వచ్చారు. కాకినాడ పక్క పల్లెటూరు ఆవిడది. ఆడపడుచుల పిల్లలకీ, తోడికోడళ్ళ పిల్లలకీ, సొంత పిల్లలకీ అన్నీ ఆవిడే చేశారు. వెల్లుల్లి కారం, వేణ్ణీళ్ళు, చెవుల్లో దూది, సాయంత్రమైతే సాంబ్రాణి. ఆస్ట్రేలియా అయితే నాకేంటన్నట్టు అన్నీ పద్ధతి ప్రకారం జరిపించేవారు. పాపకి మూడో నెల వెళ్ళేదాకా గుమ్మం దాటించడానికి వీల్లేదన్నారు. డాక్టర్ అపాయింట్‌మెంట్లకి తప్ప నేను కూడా దాటించలేదు. ఆవిడ చేతుల్లో పాప ఎంత ఏడుస్తున్నా నిమిషంలో ఊరుకునేది. నాకు కొంచెం అసూయగా కూడా ఉండేది.

ఒక్క పక్కింటికి మాత్రం ఆవిడ వెళ్ళేవారు కాదు. మొదటిసారి టీకి పిలిస్తే వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయారు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "కిరసనాయిలు" అని వెనక్కి తిరిగారు. నాకు చాలా మొహమాటమైంది. ఇంటికొచ్చాక, కూర తరుగుతూ, తల ఎత్తకుండా చెప్పారు. వాళ్ళ చిన్న చెల్లెలు పంపు స్టవ్వు పేలి చనిపోయింది. స్టవ్వు అంటుకోకపోతే పిన్నుతో పొడుస్తోంది. అత్తయ్య అదే వంటింట్లో బియ్యం ఏరుతున్నారు. "ఆ వాసన తగిల్తే నాకు చెయ్యీ కాలూ ఆడవమ్మా," అన్నారు. పక్కింట్లో ఉన్నది స్టవ్వు కాదనీ, అందులో పంపు లేదనీ, ఒత్తిడి లేదనీ నేను చెప్పాను. విన్నారు. కానీ మళ్ళీ ఆ ఇంటివైపు వెళ్ళలేదు.

గాలివాన వచ్చిన రోజు మా ఆయన పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళేటప్పటికి మామూలు గాలే. తర్వాత అది పెరుగుతూ పోయింది. కొండ మీద గాలికి ఒక చప్పుడుంటుంది, దూరం నుంచి రైలు వస్తున్నట్టు మొదలై ఇంటి మీదుగా పోతుంది. ఆ రైళ్ళ మధ్య, రోడ్డు దిగువన ఎక్కడో, నేల అదిరేలా పెద్ద చప్పుడు వినిపించింది. వెంటనే ఏసీ ఆగిపోయింది. ఫ్రిజ్ ఆగిపోయింది. ఇల్లంతా ఒక్కసారి మూగపోయింది.

మా ఆయన ఫోన్ చేశారు. రోడ్డుకి అడ్డంగా పెద్ద చెట్టు పడింది, దాంతోపాటే కరెంటు తీగలు కూడా. ఎవర్నీ పైకి రానివ్వడం లేదు. తను కింద ఊళ్ళోకి వచ్చి ఎదురుచూస్తానన్నారు. ఫోన్ ఛార్జింగ్ దాచుకొమ్మన్నారు.

చెక్క ఇళ్ళు ఎంత తొందరగా చల్లబడిపోతాయో నాకు అప్పటిదాకా తెలీదు. మధ్యాహ్నానికి మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తోంది. మా స్టవ్వు కూడా కరెంటుదే, పాలు కాచుకోవడానికి లేదు. పాపకి స్వెట్టర్ మీద స్వెట్టర్ వేశాం. అయినా చేతులు తీసి చూస్తే మంచుముక్కల్లా ఉన్నాయి. అత్తయ్య ఆ చేతుల్ని నోటి దగ్గర పెట్టుకుని ఊదుతూ కూర్చున్నారు.

అప్పుడు పక్కింటావిడ తలుపు కొట్టింది. రెయిన్ కోటు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. మా ఇంటికి వచ్చెయ్యండి, నా హీటర్‌కి కరెంటు అక్కర్లేదు, ఇల్లు వెచ్చగా ఉంది అంది. అయితే ఒక చిక్కుంది. ఆవిడ ట్యాంకులో ఆయిల్ అడుగంటింది. ఆ వారమే రావలసిన ట్యాంకర్ ఇక రోడ్డు తెరిచేదాకా రాదు. మా పెరట్లో ఉన్న పాత ట్యాంకులో ఆయిల్ అలాగే ఉండిపోయింది. దాన్ని తోడి ఆవిడ ట్యాంకులో పోసుకుంటే ఎన్నాళ్ళు కరెంటు లేకపోయినా అందరికీ సరిపోతుంది. ఒక్కదానివల్ల కాదు, ఈ గాలిలో క్యాను పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

నేను అత్తయ్యని ముందు అక్కడ కూర్చోబెట్టి, తర్వాత ఆయిల్ సంగతి చూద్దామనుకున్నాను. ఆవిడ కదల్లేదు.

"ఈ గాలిలో పిల్లని బయటికి తీసుకెళ్తావా? పైగా ఆ కిరసనాయిలు డబ్బా పక్కన పడుకోబెడతావా? నేను రాను. పిల్లనీ పంపను."

అది మొండితనం కాదు, భయం. ఆ సమయంలో వాదించి లాభం లేదనిపించింది. ముందు ఆయిల్ పోసొద్దాం, ఈలోపు చలే ఆవిణ్ణి ఒప్పిస్తుంది అనుకున్నాను. పాపకి పాలిచ్చి, రెండు దుప్పట్లు చుట్టి ఆవిడ ఒళ్ళో పెట్టి, బూట్లు వేసుకుని పెరట్లోకి వెళ్ళాను.

ట్యాంకు కుళాయి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పక్కింటావిడ పానా పట్టి తిప్పింది, సుత్తితో కొట్టింది, మళ్ళీ తిప్పింది. చివరికి కదిలి, ముందు నీళ్ళూ తుప్పు మడ్డీ కలిసి వచ్చాయి. అది హీటర్లోకి పోతే మంట ఆరిపోతుందని, శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా ఒక బకెట్లో పట్టింది. ఆ తర్వాత క్యాన్లు నింపడం, చక్రాల బండిలో పెట్టి బురదలో తోసుకెళ్ళడం, ఆవిడ ట్యాంకు దగ్గర స్టూలు మీదెక్కి గరాటులో పొయ్యడం. గాలికి ఆయిల్ చింది చేతుల మీదా కోటు మీదా పడుతోంది. తల మీద కొమ్మలు విరుగుతున్న చప్పుడైనప్పుడల్లా ఇద్దరం పని ఆపి పైకి చూసేవాళ్ళం. ఎటు పరిగెత్తాలో తెలీదు, అన్నివైపులా చెట్లే. అనుకున్నదానికన్నా చాలాసేపు పట్టింది.

మధ్యలో ఒకసారి, బండి తోస్తుండగా, మా ఇంటి ముందు వరండాలో అత్తయ్య కనిపించారు. మా ఆయన ఎండాకాలంలో చికెన్ కాల్చుకునే చిన్న బొగ్గుల బార్బెక్యూ ముందు వంగి విసురుతున్నారు. పొగ అడ్డంగా కొట్టుకుపోతోంది. నీళ్ళు కాచుకుంటున్నారనుకుని, మంచి పని చేశారనుకుని, నేను బండి తోసుకుంటూ వెళ్ళిపోయాను.

పని అయ్యాక ఇంట్లోకి వచ్చి పిలిచాను. జవాబు లేదు. హాల్లో ఎవరూ లేరు. వరండాలో బార్బెక్యూ లేదు. బెడ్‌రూమ్ తలుపు తోస్తే కింద ఏదో అడ్డం పడి తెరుచుకోలేదు. భుజంతో నెడితే, లోపల్నుంచి కుక్కిన తువ్వాలు నేల మీద వెనక్కి జరిగింది.

ముందు నాకు తగిలింది వెచ్చదనం. రోజంతా చలిలో ఉన్న ఒంటికి అది ఎంత హాయిగా అనిపించిందంటే, ఒక్క క్షణం నేను గుమ్మంలో అలాగే నిలబడ్డాను. గదిలో పొగ లేదు. వాసన లేదు. మంచం పక్కన బార్బెక్యూలో బొగ్గులు ఎర్రగా, నిదానంగా కాలుతున్నాయి. కిటికీ సందుల్లో కూడా గుడ్డలు కుక్కి ఉన్నాయి. అత్తయ్య నేల మీద కూర్చుని మంచానికి తల ఆనించుకున్నారు. ఎదురుగా నేల మీద వాంతి చేసుకున్న మరక.

"తల పగిలిపోతోందమ్మా," అన్నారు, మాట ముద్దగా. "లేవలేకపోతున్నాను."

ప్రతి చలికాలం మేము ఫార్మసీ తలుపుకి ఒక నోటీసు అతికిస్తాం. బార్బెక్యూలూ, బయట వాడే హీటర్లూ ఇంట్లో వెలిగించొద్దు, కంటికీ ముక్కుకీ తెలియని విషవాయువు వస్తుంది అని. దాన్ని నా చేతుల్తో అతికించాను. మంచం మీద నుంచి పాపని లాక్కుని పరిగెత్తాను. వరండా కూడా చాలదనిపించి వానలోకి వెళ్ళిపోయాను. నేను ఎలా అరిచానో నాకు తెలీదు, పక్కింటావిడ కంచె దాటుకుని వచ్చింది. లోపల అత్తయ్య ఉన్నారు, బొగ్గులు, అని మాత్రం చెప్పగలిగాను. ఆవిడ ఊపిరి బిగబట్టి లోపలికెళ్ళి, మోచేత్తో కిటికీ అద్దం పగలగొట్టి, అత్తయ్యని చంకల కింద చేతులు వేసి వరండాలోకి ఈడ్చుకొచ్చింది.

పాప ఊపిరి తీస్తోంది. కానీ కళ్ళు తెరవడం లేదు. పేరు పెట్టి పిలిచాను, బుగ్గ తట్టాను. నా చేతులకి ఉన్న ఆయిల్ ఆ బుగ్గకి అంటుకుంది. అరికాలు గిల్లితే సన్నగా మూలిగి మళ్ళీ వాలిపోయింది. ఎప్పుడూ ఇల్లు పీకి పందిరేసేలా ఏడ్చే పిల్ల. ఏడవ్వే, ఏడవ్వే, అని దాన్ని బతిమాలాను.

ఫోన్లో సిగ్నల్ ఒక్క గీతే ఉంది. ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు ట్రిపుల్ జీరోకి కాల్ కలిసింది. అవతలి మనిషి గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అందరూ బయట గాలిలోనే ఉన్నారా? పాప ఛాతీ కదులుతోందా? కదిలినప్పుడల్లా నాకు చెప్పండి. నేను చెబుతూ ఉన్నాను. అంబులెన్స్ బయల్దేరింది కానీ పడిన చెట్టు దాటి రాలేదు, మీరే అక్కడికి రాగలరా అని అడిగింది. పక్కింటావిడ అప్పటికే కారు స్టార్ట్ చేసింది.

కారు అద్దాలన్నీ దించేసి వెళ్ళాం. వాన లోపలికి కొడుతోంది. అత్తయ్య ముందు సీట్లో తల పట్టుకుని కూర్చున్నారు. వెనక నేను పాప ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని. రోడ్డంతా కొమ్మలు. పక్కింటావిడ ఒక్కొక్క దాన్నీ తప్పించుకుంటూ, కొన్నిటి మీద నుంచే ఎక్కించి పోతోంది. ఆ చిన్న దూరం నా జీవితంలో అన్నిటికన్నా పొడుగైన ప్రయాణం.

చెట్టు మొదలు రోడ్డు మీద గోడలా పడి ఉంది. నా గుండెల దాకా ఎత్తు. అవతల అంబులెన్స్ దీపాలు తిరుగుతున్నాయి. నారింజ రంగు దుస్తుల్లో వాలంటీర్లు రంపాలతో కొమ్మలు కోస్తున్నారు. మేము దిగబోతే ఒకతను రెండు చేతులూ ఎత్తి ఆగమని అరిచాడు. తీగలు. వాటిలో కరెంటు పూర్తిగా తీసేశారని కబురు వచ్చేదాకా ఎవరూ అడుగు పెట్టడానికి వీల్లేదు. అవతల ఆక్సిజన్ ఉంది. ఇవతల నా పిల్ల ఉంది. మధ్యలో ఒక చెట్టు. పక్కింటావిడ వెనక్కి తిరిగి నా మోకాలి మీద చెయ్యి వేసింది. అత్తయ్య పెదవులు కదులుతున్నాయి. ఆవిడ దేవుణ్ణి తలుచుకుంటున్నారో, చెల్లెల్ని తలుచుకుంటున్నారో నాకు తెలీదు.

చివరికి అతను చెయ్యి ఊపాడు. వాలంటీర్ ఒకడు చెట్టు మీదెక్కి వంగి చేతులు చాపాడు. నేను పాపని ఇవ్వలేకపోయాను. చేతులు వదల్లేదు. "నాకివ్వండి, పట్టుకున్నాను," అని రెండుసార్లు అన్నాడు. అప్పుడు ఇచ్చాను. అతని చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి, అక్కణ్ణుంచి అంబులెన్స్ మనిషి చేతుల్లోకి పాప వెళ్ళింది. నేను ఎక్కాను. నా వెనక అత్తయ్య, చీర మోకాళ్ళ దాకా పైకి దోపుకుని, తడి బెరడు మీద జారుతూ, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి భుజం పట్టుకుని ఎక్కి దిగారు. పక్కింటావిడ చెట్టుకి ఇంటివైపే ఉండిపోయింది. హీటర్ వెలుగుతోందట, దాన్ని వదిలి రాలేనంది.

అంబులెన్స్‌లో పాప మొహం దగ్గర మాస్క్ పట్టుకున్నారు. కొండ దిగుతుండగా ముక్కు చిట్లించింది. కాళ్ళు తన్నింది. ఆ తర్వాత ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు ఆసుపత్రి వచ్చేదాకా ఆగలేదు, ఎవరూ ఆపడానికి ప్రయత్నించలేదు.

ఆసుపత్రిలో ముగ్గురికీ రక్తం తీశారు, ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. నాకు ఏమీ లేదన్నారు. అత్తయ్య రక్తంలోకి పాపకన్నా ఎక్కువ విషవాయువు ఎక్కింది. మా ఆయన వచ్చేసరికి పాప గుప్పెట్లో నా వేలు ఉంది. ఆయన పాపని చూసి, నన్ను చూసి, విషయం తెలుసుకుని, అత్తయ్య మంచం దగ్గరికి వెళ్ళారు. "నీకసలు బుద్ధుందా అమ్మా?" అన్నారు. వార్డులో అందరూ తిరిగి చూశారు. ఆపండి, అన్నాను. ఆయన ఆగలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పాక బయటికి వెళ్ళిపోయారు. నాకు కోపం లేదని కాదు. నాలో ఉన్న కోపానికి నేనే భయపడుతున్నాను. కానీ మాస్క్ కింద ఆవిడ మొహం చూస్తే, ఇంకెవరూ ఏమీ అనక్కర్లేదనిపించింది.

డాక్టరమ్మ వచ్చి, జరిగింది చెప్పమంది. బొగ్గులు గదిలో ఎవరు పెట్టారు? "మేమే," అన్నాను. మేము అంటే ఎవరని అడగలేదు. పెద్దావిడ నోటి నుంచి కూడా వినాలంది. ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కలిపి స్పీకర్ పెట్టింది. తెలంగాణ మాట, మంచి గొంతు.

"అమ్మా, డాక్టరుగారు అడుగుతున్నరు. బొగ్గులు లోపటికి ఎవరు తెచ్చిన్రమ్మా?"

నేను అత్తయ్య వైపు చూశాను. మాట్లాడకండి, నేను చెప్పేశాను, అని కళ్ళతో చెప్పాలని చూశాను. ఆవిడ మాస్క్ పక్కకి లాగారు.

"నేనే తెచ్చాను. పొగంతా పోయాకే తెచ్చాను. తలుపు కింద గుడ్డలు నేనే పెట్టాను. మా కోడలు ఇంట్లో లేదు, దానికి తెలీదు. అలాగే రాయమని చెప్పండి."

ఇంటర్‌ప్రెటర్ ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంది. అడగడానికి ఏమైనా ఉందా అంది. అత్తయ్య, పిల్లకి తెలివి బాగానే ఉంటుందా అని అడిగారు. పెద్దయ్యాక చదువూ అదీ వస్తుందా, ఏమన్నా లోపం మిగులుతుందా అని. ఈ మాటలు ఇంగ్లీషులో పెట్టడానికి ఇంటర్‌ప్రెటర్‌కి కాస్త టైమ్ పట్టింది. పాపకి ఎక్కింది తక్కువేననీ, సమయానికి బయటికి తెచ్చారనీ, బాగానే ఉంటుందనీ, అయినా కొన్నాళ్ళు చూస్తూ ఉంటామనీ డాక్టరమ్మ చెప్పింది. అది తెలుగులోకి వచ్చాక, అటు ఫోన్లో, "ఏం గాదమ్మా, ధైర్యంగుండు," అని ఒక మాట అదనంగా వినిపించింది. అది డాక్టరమ్మ అన్నది కాదు.

తర్వాత ఆసుపత్రి నుంచే ఒక సోషల్ వర్కర్ వచ్చింది. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పాపని ఎవరు చూస్తారు, ఇంతకు ముందు ఏమన్నా జరిగిందా. మర్యాదగానే అడిగింది. కానీ ఆ ప్రశ్నలన్నిటి వెనకా, పాపని ఈ ఇంట్లో ఉంచొచ్చా అన్న ప్రశ్న ఉందని నాకు తెలుస్తూనే ఉంది. నా జవాబుల్లో ఒక్క మాట తేడా వస్తే ఏమవుతుందోనని ప్రతి మాటా తూచి చెప్పాను. ఆవిడ వెళ్ళేముందు, ఇంట్లో ఆ వాయువుని పసిగట్టే అలారం పెట్టుకోండి, అని మాత్రం చెప్పింది. ఆవిడ అడుగుల చప్పుడు కారిడార్లో పూర్తిగా వినపడకుండా పోయేదాకా నేను కదల్లేదు.

మమ్మల్ని ఇంటికి పంపేసరికి రోడ్డు ఒక వరస బళ్ళు పోయేలా తెరిచారు, కరెంటు మాత్రం రాలేదు. మా ఇంటి కిటికీ పగిలే ఉంది. మా ఆయన హోటల్లో ఉందామన్నారు. పక్కింటావిడ అందుకు ఒప్పుకోలేదు, హాల్లో పరుపులు వేసి ఉంచింది. అత్తయ్య గుమ్మం దగ్గర ఆగారు. అదే వాసన. ఆవిడ లోపలికి వచ్చి, హీటర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు.

అప్పటి నుంచి ఆవిడ పాపని ఎత్తుకోలేదు. ఏడుస్తుంటే నా వైపు చూసేవారు. ఆకలేమో చూడు అనేవారు. చేతులు మాత్రం ఒళ్ళోనే పెట్టుకునేవారు. మా ఆయన తల్లితో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. గాజు కిటికీ వెనక నీలంగా మంట మాత్రం కదులుతూ ఉండేది.

పక్కింటావిడకి తెలుగు రాదు, అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. అయినా ఒక మధ్యాహ్నం ఆవిడ అత్తయ్యని చెయ్యి పట్టుకుని లేవదీసింది. మంటని చూపించింది. తర్వాత గొట్టాన్ని, దాని వెంట వేలు పైకి జరుపుతూ కప్పుని, ఆ తర్వాత ఆకాశాన్ని. గోడ మీద అలారం చూపించి, బటన్ నొక్కి, అది కూత పెడితే నవ్వింది. అత్తయ్య శాలువా కప్పుకుని బయటికి వెళ్ళారు. కిటికీలోంచి చూశాను. వానలో తల పైకెత్తి, కప్పు మీద గొట్టం చివర నుంచి గాలి వేడికి అలలుగా వణుకుతూ పోవడం చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. లోపలికొచ్చి కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నారు.

మర్నాడు నేను హీటర్ మీద గిన్నెతో నీళ్ళు పెట్టాను. అవి కాగాక బేసిన్లో చన్నీళ్ళతో కలిపి, సబ్బూ తువ్వాలూ తెచ్చి అత్తయ్య ముందు పెట్టాను. పాప బట్టలు విప్పాను. ఆసుపత్రి నుంచి వచ్చాక దానికి స్నానం లేదు.

"నాకు చేతకాదు, మీరే పొయ్యాలి," అన్నాను.

"నువ్వే పొయ్యమ్మా."

"కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పొయ్యడం నాకు రాదు అత్తయ్యా. జారిపోతుంది."

అది నిజమే. ఆవిడ నా మొహంలోకి పరీక్షగా చూశారు. జాలి పడుతున్నానేమో అని చూశారనుకుంటాను. తర్వాత నేల మీద కూర్చుని, కాళ్ళు చాపి, చీర మోకాళ్ళ దాకా లాక్కుని చేతులు చాపారు. నేను పాపని ఆ కాళ్ళ మీద పెట్టాను. నీళ్ళు మోచేత్తో చూసుకుని, పాప తల మీద చెయ్యి అడ్డం పెట్టి మొదటి చెంబు పోశాక, ఆ చేతులకి పాత అలవాటు తిరిగొచ్చింది. రుద్దారు, బోర్లా తిప్పారు, ముక్కు నొక్కారు, కాళ్ళూ చేతులూ లాగారు. పక్కింటావిడ పిల్ల జారిపోతుందేమోనని భయంతో రెండు చేతులూ ముందుకి చాపుకుని నిలబడింది. పాప కొండంతా వినపడేలా ఏడ్చింది. మా ఆయన గుమ్మంలోకి వచ్చి చూసి, తువ్వాలు తీసుకుని, వాళ్ళమ్మ పక్కన కూర్చున్నారు.

అత్తయ్య తిరిగి ఊరికి వెళ్ళిపోయి చాలా కాలమైంది. పాప ఇప్పుడు బళ్ళోకి వెళ్తోంది, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో సమాధానం చెబుతుంది. మా పెరట్లో ట్యాంకు తీయించేశారు, ఆ చోట గడ్డి మొలవడానికి చాలా రోజులు పట్టింది. పక్కింటావిడ కొడుకు పోరు పడలేక ఏసీ పెట్టించుకుంది, హీటర్ మాత్రం తీయనివ్వలేదు.

కిందటి డిసెంబర్లో అత్తయ్య వాళ్ళ అన్నగారి మనవరాలు ఢిల్లీలో పురుడు పోసుకుంది. చలికి గదిలో కుంపటి పెడుతున్నారని విని, అత్తయ్య వాళ్ళకి ఫోన్ చేశారట. ఆ అమ్మాయే తర్వాత నాకు చెప్పింది. కుంపటి బయట పెట్టించి, తలుపులు తెరిపించేదాకా ఫోన్ పెట్టలేదట. మాకు ఎప్పుడూ ఏమీ కాలేదు కదా అత్తా అని వాళ్ళమ్మ అంటే, "నేనూ అలాగే అనుకున్నాను. నా చేతుల్తో నా మనవరాల్ని చంపుకోబోయాను," అన్నారట.